బుల్లెట్ గేర్‌బాక్స్ డైరీ: బాగు చేయించాలా, మార్చేయాలా

అక్టోబరు 26, ఆదివారం

ఈ రోజు కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే సగంలో బండి సెకండు గేరులోంచి బయటికి దూకేసింది. వెనక అమ్మ, ఆమె ఒళ్లో కొబ్బరికాయల సంచి, ముందు కార్తీకమాసం జనం, ఆటోలు. ఇంజను ఒక్కసారిగా గయ్యిమని అరిచింది కానీ చక్రానికి లాగుడు లేదు, బండి వెనక్కి జారబోతుంటే ముందు బ్రేకు గట్టిగా పట్టి రెండు కాళ్లూ నేలకి ఆనించి ఆపాను. అమ్మ ఒక్క మాట కూడా అనకుండా దిగి, అటుగా వెళ్తున్న ఆటో ఎక్కి పైకి వెళ్లింది. నేను ఫస్టు గేరులోనే మెల్లగా పైకి చేర్చాను. గుళ్లో కూర్చున్నాక కూడా చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఇది ఈ రోజు పుట్టిన జబ్బు కాదు. రెండేళ్లుగా నెలకో రెణ్నెల్లకో ఒకసారి సెకండులోంచి ఎగిరేది, మళ్లీ పెడలు నొక్కితే పడేది, సర్లే అని తిరిగేవాణ్ని. ఈ వేసవి నుంచి వారానికి రెండు మూడుసార్లు అవుతోంది. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని ఎత్తు ఎక్కేటప్పుడు అయిందంటే ఇంక వాయిదా వేయడానికి లేదు. తేలేదాకా ఈ బండి మీద వెనక ఎవరినీ ఎక్కించను.

బండి 1986 ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, 350. మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో తయారైన ఇనప సిలిండరు ఇంజను, 346 సీసీ, నాలుగు గేర్లు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి, ఫస్టు పైకి, మిగతా మూడూ కిందికి. నాన్న కొత్తదిగా కొన్నారు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినన్నాళ్లూ సూదిమందుల పెట్టె క్యారియరుకి కట్టుకుని నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్లన్నీ దీని మీదే తిరిగారు. డెబ్భై దాటాక నడపడం మానేశారు. ఇప్పుడు బండి నాది, దాని మోత మాత్రం ఇప్పటికీ ఆయనకే బాగా తెలుసు.

రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ చెప్పినట్టుంది. "అన్నయ్యా, అమ్మేద్దాం. నీకు మనసొప్పకపోతే ఆ డబ్బా పీకించి ఫైవ్ స్పీడ్ వేయించు. ఎవరికన్నా దెబ్బ తగిలేదాకా ఎందుకు?" అన్నాడు. వాడు చెప్పినదాంట్లో తప్పేం లేదు. అమ్మడం నాకు ఇష్టం లేదు, అది ముందే రాసుకుంటున్నాను. ఇక తేలాల్సింది పాత గేర్‌బాక్సునే బాగు చేయించాలా, తీసేసి తమ్ముడన్న ఫైవ్ స్పీడ్, అంటే అయిదు గేర్ల కొత్త తరహాది పెట్టించాలా అన్నదే.

అక్టోబరు 30, గురువారం

తుపాను వాన. బండి వసారాలోనే ఉంది. సెంటర్ స్టాండు వేసి స్టార్ట్ చేసి ఒక్కో గేరు వేసి వింటున్నాను, నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"సెకండులో ఆ గరగర ఉంది కదరా, మూడులో ఉందా?"

"ఉంది నాన్నా, కొంచెం తక్కువ."

"నాలుగులో?"

నాలుగు వేశాను. దాదాపు లేదు. పోయిన వారం హైవే మీద వెళ్లినప్పుడు కూడా టాప్ గేరులో బండి శుభ్రంగానే పోయింది, ఎంత సేపైనా ఎగరలేదు. ఈ తేడా నేను రెండేళ్లుగా పట్టించుకోలేదు, నాన్న ఒక్క ప్రశ్నతో పట్టుకున్నారు.

దీనికి కారణం ఉంది. పాత బుల్లెట్ గేర్‌బాక్సు ఇంజనుతో కలిసి ఒకే పెట్టెలో ఉండదు, ఇంజను వెనక బోల్టులతో బిగించిన విడి డబ్బా. అందులో మెయిన్ షాఫ్టు ఒకటి, లే షాఫ్టు ఒకటి. క్లచ్ నుంచి శక్తి మెయిన్ షాఫ్టుకి వస్తుంది, అక్కడి నుంచి లే షాఫ్టుకి దిగుతుంది, మళ్లీ పైకెక్కి స్లీవ్ గేరుకి చేరుతుంది. వెనక చైను తిప్పే స్ప్రాకెట్ ఆ స్లీవ్ గేరు మీదే ఉంటుంది. ఫస్టు, సెకండు, థర్డు మూడింటిలోనూ ఇదే దారి. టాప్‌లో మాత్రం మెయిన్ షాఫ్టు నేరుగా స్లీవ్ గేరుతో లాక్ అయిపోతుంది, లే షాఫ్టు తిరుగుతుంది గానీ దాని మీద బరువు పడదు. కాబట్టి కింది గేర్లలో మోత ఉండి, టాప్‌లో లేకపోతే, అనుమానించాల్సింది లే షాఫ్టునీ, దాని చివరలు తిరిగే లోహపు గొట్టాల్లాంటి బుష్షులనీ, దాని మీది గేర్లనీ. డబ్బా మొత్తం పోయిందని అనుకోవడానికి లేదు.

ఈ సంగతి తెలిశాక కాస్త ధైర్యం వచ్చింది.

నవంబరు 2, ఆదివారం

విప్పకుండా చూడగలిగినవన్నీ ఈ రోజు చూశాను.

క్లచ్ కేబుల్ లూజు సరిచేశాను. క్లచ్ పూర్తిగా విడవకపోతే గేరు సగం పడి ఆగిపోతుంది, అది కూడా ఇలాగే ఎగురుతుంది. అది కాదు.

కుడివైపు బయటి మూత తీశాను. లోపల పెడలు కదలికని ఒక్కో గేరుకి ఒక్కో మెట్టుగా మార్చే రాచెట్ ఉంటుంది, దాని కదలికకి హద్దు పెట్టే ప్లేటు రెండు బోల్టుల మీద కొద్దిగా ముందుకీ వెనక్కీ జరుగుతుంది. అది జరిగిపోతే గేరు పూర్తిగా పడదు, లేదా హద్దు దాటి పోతుంది. ముందున్న చోటు గోకి గుర్తు పెట్టుకుని, కొంచెం కొంచెం జరుపుతూ మూడు చోట్ల పరీక్షించాను. మూడో చోట గేర్లు పడేటప్పుడు టక్కుమనే చప్పుడు ఇంతకుముందుకన్నా స్పష్టంగా వచ్చింది. ఎంతో ఆశతో ఊరి బయట వంతెన దాకా ఒక్కణ్నే వెళ్లాను. వంతెన ఎత్తులో సెకండులో యాక్సిలరేటర్ తిప్పగానే ఎగిరింది. అంటే గేరు పూర్తిగా పడుతోంది, పడ్డాక నిలవట్లేదు.

తర్వాత వెనక చైనుని ముందు స్ప్రాకెట్ దగ్గర పట్టుకుని పైకీ కిందికీ లాగి చూశాను. స్ప్రాకెట్‌తో పాటు స్లీవ్ గేరు ఊగితే దాని బేరింగో బుష్షో పోయినట్టు. చైను మరీ బిగువుగా పెట్టుకుని తిరిగేవాళ్లకి ఇది త్వరగా వస్తుంది. నా బండిలో ఆట చాలా తక్కువగా ఉంది. ఇది మంచి వార్త, ఎందుకంటే అక్కడ పోయి ఉంటే ఖర్చు ఇంకోలా ఉండేది.

చివరగా అడుగు బోల్టు తీసి లోపలున్నది పళ్లెంలోకి వదిలాను. ఈ డబ్బాలు ఆయిల్‌ని నిలుపుకోవు, అందుకే మా వైపు గ్రీజూ తొంభై నంబరు గేరు ఆయిలూ కలిపి పోస్తారు. వచ్చింది బూడిద రంగు ముద్ద. అది వేలి మీద రాసుకుని ఎండలోకి పట్టుకుంటే రెండు రకాల మెరుపులు కనిపించాయి, ఒకటి వెండి మెరుపు, ఒకటి పసుపు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఉంది, దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి ముద్దలో తిప్పాను. వెండి రంగు పొడి మీసాల్లా దానికి అంటుకుంది, పసుపు రంగుది అంటుకోలేదు. అంటుకోనిది గన్‌మెటల్, బుష్షులు చేసే రాగి మిశ్రమం, అంటే బుష్షు అరుగుతోంది. అంటుకున్నది గేర్ల ఉక్కు. ముక్కలు మాత్రం ఎక్కడా లేవు, పళ్లెం అడుగు దాకా వేలితో తడిమి చూశాను. పన్ను విరిగి ఉంటే ముక్క దొరకాలి.

నవంబరు 9, ఆదివారం

మేస్త్రిగారి షెడ్డు. ఆయన నాన్న ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచి ఈ బండి చూస్తున్నారు, ఇప్పుడు పని తగ్గించేశారు, పాత బుల్లెట్లు మాత్రం కాదనరు. ఫైవ్ స్పీడ్ సంగతి ముందే అడిగాను.

"వేసేద్దాం బాబూ, నాకేం? ఇప్పటికి చాలా బళ్లకి వేశాను. కానీ ముందు దీన్ని విప్పి చూడనీ. లోపల ఏముందో చూడకుండా డబ్బా పారేయమంటే నా చెయ్యి రాదు," అన్నారు.

ఎడమవైపు క్లచ్‌ని కప్పే ప్రైమరీ మూతకి చుట్టూ స్క్రూలు ఉండవు, మధ్యలో ఒకే ఒక పెద్ద నట్టు. అది తీస్తే మూత మొత్తం చేతికొస్తుంది, అందులోని ఆయిల్ అంతా కాళ్ల మీద పడకుండా కింద పళ్లెం పెట్టుకోవాలి. క్లచ్ స్ప్రింగులు, ప్లేట్లు, తర్వాత పుల్లరు వేసి క్లచ్. అవి తీస్తే గానీ మెయిన్ షాఫ్టు కుడివైపుకి రాదు. ఒకటి మాత్రం హాయి, లోపలి సామాను చూడటానికి డబ్బాని ఫ్రేములోంచి దింపక్కర్లేదు, కుడివైపు లోపలి మూత తీస్తే షాఫ్టులూ గేర్లూ ఒక్కొక్కటిగా వచ్చేస్తాయి. పదకొండు గంటలకి అన్నీ డీజిల్‌లో కడిగి గోనెపట్టా మీద వరసగా పేర్చాం.

మేస్త్రిగారు సెకండు గేరు నా చేతికిచ్చి "గోరు పెట్టి చూడు" అన్నారు. చుట్టూ ఉన్న పళ్లు బాగానే ఉన్నాయి. పక్కగా పొడుచుకొచ్చిన లాకు పళ్లు, గేరు పడ్డప్పుడు ఎదుటి గేరులో దిగి పట్టుకునేవి, వాటి మూలలు గుండ్రమైపోయాయి. మూలలు పదునుగా ఉంటే గోరు వాటికి తగిలి ఆగాలి, నా గోరు సబ్బు ముక్క మీద జారినట్టు జారిపోయింది. అవతలి గేరువి కూడా అంతే. బరువు పడ్డప్పుడు ఆ వాలు మీద రెండూ ఒకదాన్నొకటి తోసుకుని విడిపోతున్నాయి. ఘాట్ రోడ్డు మీద జరిగింది ఇదే.

అసలు విషయం ఆ తర్వాత తెలిసింది. లే షాఫ్టు ఒక చివర డబ్బాలోని బుష్షులో తిరుగుతుంది, రెండో చివర కిక్ పెడలు తిప్పే కిక్ షాఫ్టు లోపలి బుష్షులో తిరుగుతుంది. కిక్ షాఫ్టులో లే షాఫ్టు చివరని దూర్చి బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని ఊపితే టకటకమని కొట్టుకుంది, కంటికి కనిపించేంత ఆట. డబ్బా వైపు బుష్షులో కూడా ఉంది గానీ ఇంత లేదు. లే షాఫ్టు వంకరగా ఊగుతుంటే గేర్లు ఎదురెదురుగా నిలబడవు, లాకు పళ్లు అంచుల మీదే పట్టుకుంటాయి, అలా పట్టుకుని పట్టుకుని అంచులు గుండ్రమైపోయాయి. అప్పుడప్పుడు కిక్కు ఖాళీగా జారడం కూడా ఉండేది, అక్కడ కిక్కుని పట్టించే కొక్కెం, పాల్ అంటారు, అది కూడా అరిగింది.

రెండేళ్ల క్రితమే విప్పి ఉంటే ఒక బుష్షుతో పోయేది. ఆ బాధ ఉంది.

లాకు పళ్ల మూలలు గ్రైండర్‌తో పదును చేస్తే సరిపోదా అని అడిగాను. మేస్త్రిగారు ఒప్పుకోలేదు. ఈ గేర్లకి పైపొర మాత్రమే గట్టి, లోపల మెత్తని ఉక్కు, గ్రైండ్ చేస్తే ఆ పొర పోతుంది, ఆరు నెలల్లో మళ్లీ ఇదే పని అన్నారు. సెకండు గేరు జత, రెండూ ఒకేసారి మార్చాల్సిందే. ఒకటి పాతది ఒకటి కొత్తది పెడితే పాతది కొత్తదాన్ని కూడా తినేస్తుంది.

మిగతావి: ఫస్టు, థర్డు బాగున్నాయి. స్లీవ్ గేరు లాకు పళ్లు పదునుగా ఉన్నాయి, టాప్‌లో ఎందుకు ఎగరలేదో అర్థమైంది. గేర్లని జరిపే ఫోర్కు వంగలేదు. డబ్బాకి ఎక్కడా పగులు లేదు. పడ్డ గేరుని చోటు కదలకుండా ఆపే ప్లంజరు స్ప్రింగు నీరసంగా ఉంది, మార్చేయడమే.

నవంబరు 13, గురువారం

సెలవు పెట్టి విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. బుష్షుల కోసం షాఫ్టులు, కొలతల కోసం పాత బుష్షులు, గేరు జత, అన్నీ సంచిలో.

ముందు ఒక స్పేర్ పార్టుల షాపులో కొత్త సెకండు గేరు జత చూపించారు, నూనె కాగితంలో చుట్టి తళతళలాడుతోంది. 1,400 అన్నారు, తక్కువే అనిపించి తీసుకున్నాను. పక్కన లేత్ దగ్గర బుష్షులు తిప్పుతున్నాయన అది చూసి ఆకురాయి తీసి లాకు పన్ను మూల మీద ఒక్కసారి గీశాడు. తెల్లటి గీత పడింది, ఆకురాయికి పొడి అంటింది. తర్వాత నా పాత గేరు మీద గీశాడు. ఆకురాయి గాజు మీద జారినట్టు కీచుమని జారిపోయింది, గీత పడలేదు. గట్టిపరచని ఉక్కు అన్నమాట. తిరిగిస్తానంటే షాపువాళ్లు తీసుకోలేదు, గీత పడింది కదా అన్నారు. ఆ డబ్బు పోయింది. గేరు కొనేవాళ్లు ఎవరైనా సరే, డబ్బు ఇచ్చే ముందే షాపువాణ్ని అడిగి కనపడని మూలలో ఆకురాయి పరీక్ష చేయండి. ఒప్పుకోకపోతే కొనకండి.

మధ్యాహ్నం అంతా పాత సామాను వరసలో తిరిగాను. యాక్సిడెంట్ బండి డబ్బాలోంచి విప్పిన ఒరిజినల్ జత ఒకటి దొరికింది. తుప్పు లేదు, లాకు పళ్ల మూలలకి గోరు ఆగింది, ఆకురాయి జారింది. 2,600. బేరం ఆడలేదు.

బుష్షులు సాయంత్రానికి ఇచ్చారు. గన్‌మెటల్ కడ్డీలోంచి తిప్పినవి, లోపల నూనె నిలవడానికి సన్నని గాడి. సరిగ్గా షాఫ్టు సైజుకి తిప్పలేదేమని అడిగితే చెప్పాడు: బుష్షుని చోటులోకి నొక్కితే చుట్టూ బిగుసుకుని లోపలి సైజు తగ్గుతుంది, నొక్కాకే రీమరుతో, అంటే రంధ్రాన్ని సన్నగా గీకే పనిముట్టుతో, చివరి కొలత తీయాలి. కిక్ షాఫ్టుకి బుష్షు ఒక్కటే వేద్దామనుకున్నాను గానీ షాఫ్టు బయటివైపు కూడా అరిగిందని చూపించాడు, దాంతో కొత్తది తీసుకున్నాను, 1,150. దాని బుష్షుని కూడా రీమర్ వేసి నా లే షాఫ్టుకి సరిపెట్టాడు.

అదే ఊపులో ఫైవ్ స్పీడ్ ధర కూడా అడిగాను. తమ్ముడికి మాట ఇచ్చాను, చూడకుండా కాదనకూడదు. నమ్మకంగా ఉన్న సెకండ్ హ్యాండ్ బాక్సు 16,000. దాంతోపాటు గేరు ఎడమకి వస్తుంది కాబట్టి బ్రేకు పెడలు కుడికి మార్చాలి, కానీ వెనక బ్రేకు డ్రమ్ము లింకు ఎడమవైపే, అందుకని అడ్డంగా ఒక షాఫ్టు వేసి కలపాలి. స్ప్రాకెట్ వరస సరిచూడాలి. కూలీతో కలిపి ఇరవై నాలుగు వేలు దాటేలా ఉంది.

నవంబరు 16, ఆదివారం

తేల్చేశాను. పాతదే బాగు చేయిస్తున్నాను.

తమ్ముడితో గంట మాట్లాడాను. ఫైవ్ స్పీడ్ పక్షాన వాడు చెప్పినవి నిజాలే. సామాను సులువుగా దొరుకుతుంది, నూనె కారదు, అన్నిటికన్నా ముఖ్యం మిగతా బళ్లన్నిట్లో గేరు ఎడమకాలికే. ఈ బండి తెలియనివాడు ఎక్కి హడావుడిలో బ్రేకు అనుకుని కుడికాలు నొక్కితే గేరు పడుతుంది, బండి ఆగదు. ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో ఇంకెవరన్నా ఈ బండి నడుపుతూ ఉంటే నేను ఈ ఒక్క కారణంతోనే మార్చేసేవాణ్ని. నేను తప్ప ఎవరూ నడపరు, తాళంచెవి ఎవరికీ ఇవ్వను. మా అబ్బాయికి లైసెన్సు వచ్చినప్పుడు మళ్లీ ఆలోచిస్తాను, ఆ మాట తమ్ముడికి కూడా చెప్పాను.

డబ్బా పగిలి ఉన్నా, స్లీవ్ గేరు పోయినా, రెండు మూడు గేర్ల పళ్లు చితికినా నిర్ణయం వేరుగా ఉండేది. ఇక్కడ పోయింది ఒక జత, రెండు బుష్షులు, ఒక షాఫ్టు. ముప్ఫై తొమ్మిదేళ్లు నడిచిన డబ్బాకి ఇది న్యాయమైన అరుగుదలే. పైగా గేరు పెడలు పక్కన మడమతో నొక్కే న్యూట్రల్ ఫైండరు ఉంది, ఫస్టులో తప్ప ఏ గేరులో ఉన్నా ఒక్క నొక్కుతో న్యూట్రల్‌కి తెస్తుంది. నాన్న మడమ ఆనిన చోట దాని ఇనుము పల్లంగా అరిగి నున్నగా మెరుస్తుంది. నా మడమ కూడా అక్కడే పడుతుంది. దాన్ని తీసి గోనెసంచిలో వేయడం నావల్ల కాదు, ఇది కూడా కారణమే, దాచను.

నవంబరు 23, ఆదివారం

బిగింపు. పొద్దున్న తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం అయిదు. లే షాఫ్టు పెట్టి వేళ్లతో ఊపాను, చప్పుడు లేదు, తిప్పితే నూనెలో తిరిగినట్టు మెత్తగా తిరిగింది. మూతలు వేసే ముందు మేస్త్రిగారు వెనక చక్రం తిప్పుతూ చేత్తోనే అన్ని గేర్లూ వేయించారు, పది పదిహేనుసార్లు, ప్రతిసారీ లాకు పళ్లు పూర్తిగా దిగుతున్నాయా అని టార్చి వేసి చూశారు. రాచెట్ ప్లేటు మళ్లీ మొదటి నుంచి సరిచేశాం, ప్లంజరు స్ప్రింగు కొత్తది. ప్యాకింగులు మందం కాగితంతో ఆయనే కత్తిరించారు.

లెక్క: గేరు జత 2,600, కిక్ షాఫ్టు 1,150, పాల్, స్ప్రింగు 250, లేత్ పని 900, ఆయిల్, గ్రీజు, ప్యాకింగులు 650, మేస్త్రిగారికి 2,500. మొత్తం 8,050. పోగొట్టుకున్న 1,400 వేరు.

నవంబరు 30, ఆదివారం

వారమంతా ఖాళీ బండి మీద నూట ఇరవై కిలోమీటర్లు తిరిగాను, మెల్లగానే. ఈ రోజు పొద్దున్నే ఒక్కణ్నే కోటప్పకొండ వెళ్లాను. అదే మలుపు, సెకండు, యాక్సిలరేటర్ కావాలనే గట్టిగా తిప్పాను. నిలిచింది. వదిలి మళ్లీ తిప్పాను, నిలిచింది. కిందికి వచ్చి మళ్లీ ఎక్కాను. మొత్తం మూడుసార్లు ఎక్కి దిగాను, ఒక్కసారి కూడా ఎగరలేదు. మొదటిసారి పైకి చేరినప్పుడు బండి పక్కనే నిలబడి నాన్నకి ఫోన్ చేశాను. "స్టార్ట్ చేసి ఫోన్ దగ్గర పెట్టు" అన్నారు. సెంటర్ స్టాండు వేసి సెకండులో పెట్టి వినిపించాను. కాసేపు విని, "మూడు వెయ్యి" అన్నారు. వేశాను. "ఊఁ" అన్నారు, అంతే, ఫోన్ అమ్మకి ఇచ్చేశారు.

ఇంటికొచ్చి చూస్తే క్లచ్ రాడ్డు వైపు నుంచి ఆయిల్ చుక్కలు, గంటకి మూడు నాలుగు. గ్రీజు పాలు కొంచెం పెంచి చూద్దామన్నారు మేస్త్రిగారు. ఇంకో వంద కిలోమీటర్లు అయ్యాక అడుగు బోల్టు తీసి అయస్కాంతం తిప్పి చూడాలి, కొత్త బుష్షులు కాబట్టి కొంత పసుపు పొడి ఉంటుంది, ఉక్కు పొడి మాత్రం తగ్గాలి. అది చూశాకే అమ్మని ఎక్కించుకుంటాను.